వార్డు మెంబరు నుంచి కేంద్ర మంత్రి దాకా: తిరుపతి, చిత్తూరు నుంచి బయల్దేరేవాళ్లకి దారి

రాజకీయాల్లోకి రావాలని ఉందన్నా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగే కుర్రాళ్లు, అమ్మాయిలు మన తిరుపతిలోనూ చిత్తూరులోనూ చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది అప్పటికే ఒక పని చేసేసి ఉంటారు, అది ఫ్లెక్సీ. లీడర్ పుట్టినరోజుకి లీలామహల్ సర్కిల్లోనో చిత్తూరు గాంధీ సర్కిల్లోనో పెద్ద ఫ్లెక్సీ, దాని అడుగున వరసగా చిన్న చిన్న ముఖాలు, అందులో ఒకటి మీది. నాలుగు రోజులకి దాన్ని పీకేస్తారు, మీ పేరు ఎవరికీ గుర్తుండదు. ఆ డబ్బుతో మీ డివిజన్ (కార్పొరేషన్‌లో వార్డు) ఓటరు జాబితా ప్రింటు తీయించుకుని, ఒక నోటు పుస్తకం కొనుక్కుని వీధిలోకి దిగండి. మీ రాజకీయం ఆ రోజు మొదలైనట్టు.

అక్కడి నుంచి ఢిల్లీ దాకా అసలు వెళ్లగలమా అనే అనుమానం చాలామందికి ఉంటుంది. వెళ్లినవాళ్లు ఉన్నారు, మన తెలుగువాళ్లలోనే ఉన్నారు. బండి సంజయ్ 2005లో కరీంనగర్‌లో కార్పొరేటర్‌గా గెలిచారు. 2014లో, 2018లో ఎమ్మెల్యేగా ఓడిపోయారు, 2019లో ఎంపీ అయ్యారు, 2023లో మళ్లీ ఎమ్మెల్యేగా ఓడిపోయారు, 2024లో ఎంపీగా గెలిచి కేంద్ర హోంశాఖలో సహాయ మంత్రి అయ్యారు. అదే ఏడాది కేంద్ర సహాయ మంత్రి అయిన భూపతిరాజు శ్రీనివాస వర్మ ఒకప్పుడు భీమవరం మున్సిపల్ కౌన్సిలర్. జీఎంసీ బాలయోగి 1987లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్ ఛైర్మన్, 1991లో అమలాపురం నుంచి ఎంపీ, 1996లో ఓటమి, 1998లో లోక్‌సభ స్పీకర్. ద్రౌపది ముర్ము 1997లో ఒడిశాలోని రాయ్‌రంగ్‌పూర్ అనే చిన్న ఊళ్లో నగర పంచాయతీ కౌన్సిలర్. 2000లో ఎమ్మెల్యే అయ్యారు, 2009లో లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయారు, 2015లో జార్ఖండ్ గవర్నర్, 2022లో రాష్ట్రపతి.

వీళ్ల పార్టీలు మీకు నచ్చాలని లేదు. ఆ సంవత్సరాల మధ్య ఎంత దూరం ఉందో, మధ్యలో ఎన్నిసార్లు ఓడిపోయారో చూడండి చాలు. వార్డుకి, ఢిల్లీకి మధ్య ఇరవై ఏళ్లు పట్టొచ్చని మనసులో గట్టిగా అనుకున్నాకే మిగతాది చదవండి.

ముందు మీకు ఏ సీట్లు ఉన్నాయో చూసుకోండి

ఇది ఎవరూ ముందు చెప్పరు, పదేళ్లు తిరిగాక తెలిసి కుంగిపోతారు. తిరుపతి, చిత్తూరు లోక్‌సభ స్థానాలు రెండూ ఎస్సీ రిజర్వుడు. తిరుపతి కింద తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడుతో పాటు నెల్లూరు వైపున్న సర్వేపల్లి, గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి వస్తాయి. చిత్తూరు కింద చంద్రగిరి, నగరి, గంగాధర నెల్లూరు, చిత్తూరు, పూతలపట్టు, పలమనేరు, కుప్పం. చిత్తూరు 2004 దాకా జనరల్ సీటే, నియోజకవర్గాల పునర్విభజనతో 2009 నుంచి మారింది. తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ 1952లో తిరుపతి నుంచి, తర్వాత చిత్తూరు నుంచి గెలిచి 1956 నుంచి 1962 వరకు లోక్‌సభ స్పీకర్‌గా చేశారు. అంటే సీటు ఎవరికి అనేది కాలాన్ని బట్టి మారుతుంది, కానీ మీ లెక్క ఇవాళ్టి సీటు మీదే వేసుకోవాలి.

మీరు ఎస్సీ కాకపోతే లోక్‌సభకి పక్కనున్న రాజంపేట (పీలేరు, పుంగనూరు, మదనపల్లె, తంబళ్లపల్లె అందులోవే) లేదా నెల్లూరు వైపు చూడాలి, లేదంటే ఎమ్మెల్యేలు ఓట్లేసే రాజ్యసభ. ఆంధ్రప్రదేశ్‌కి లోక్‌సభలో 25, రాజ్యసభలో 11 స్థానాలు. ముఖ్యమంత్రిగా చేసిన నల్లారి కిరణ్ కుమార్ రెడ్డి కూడా 2024లో రాజంపేటకే వెళ్లారు, ఓడిపోయారు. ఎక్కడో ఒకచోట బంధువులు, స్నేహితులు, పాత క్లాస్‌మేట్లు ఉన్న రెండో నియోజకవర్గం మీకు ముందు నుంచే అవసరం.

మీరు ఎస్సీ అయితే రెండు సీట్లూ చట్టప్రకారం మీకు తెరిచే ఉన్నాయి. కానీ పార్టీలు ఇక్కడ ఎవరిని నిలబెట్టాయో గమనించండి. తిరుపతి నుంచి ఆరుసార్లు గెలిచిన చింతా మోహన్ డాక్టర్, చిత్తూరు నుంచి రెండుసార్లు గెలిచిన శివప్రసాద్ డాక్టర్, 2021 ఉప ఎన్నికలో తిరుపతి నుంచి గెలిచిన గురుమూర్తి ఫిజియోథెరపిస్ట్, 2024లో చిత్తూరు నుంచి గెలిచిన ప్రసాదరావు రెవెన్యూ సర్వీసులో పనిచేసిన అధికారి. చదువున్న, పెద్ద గొడవలు లేని, ఏడుగురు ఎమ్మెల్యే అభ్యర్థులతోనూ సర్దుకుపోయే మనిషిని వెతుక్కుంటారని నాకు అర్థమైంది. దళితవాడ నుంచి వచ్చి కార్పొరేటర్‌గా పదేళ్లు చెమటోడ్చినవాళ్లని ఎంపీ టికెట్ దగ్గర పక్కన పెట్టేస్తే నాకు కడుపు మండుతుంది, అది అన్యాయమే. అందుకే డిగ్రీ మధ్యలో ఆపేయకండి, లా చదవండి, ఏడు సెగ్మెంట్లలోనూ కనీసం మండలానికి ఇద్దరు ముగ్గురు మీ పేరు చెప్పేవాళ్లు ఉండేలా ఇప్పటి నుంచే తిరగండి. కులధ్రువీకరణ పత్రం సరిగ్గా ఉందో లేదో కూడా నామినేషన్ రోజు కాకుండా ఇప్పుడే చూసుకోండి.

అమ్మాయిలకి ఒక మాట. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లవే. 2023లో వచ్చిన 106వ రాజ్యాంగ సవరణ అసెంబ్లీలో, లోక్‌సభలో మూడో వంతు ఇస్తుంది, జనగణన, ఆపైన పునర్విభజన అయ్యాక అమలు అని రాశారు. ఆ రోజు వచ్చేసరికి పార్టీలు ఆడవాళ్ల కోసం వెతుకుతాయి, నాయకుల ఇళ్లలోకే ముందు చూస్తాయి. అప్పటికి మీకు ఒక టర్మ్ కౌన్సిల్ అనుభవం ఉంటే మిమ్మల్ని కాదనడం కష్టం. ఇంకో సంగతి, కౌన్సిల్‌లోకి వెళ్లాక మీ కుర్చీలో భర్తనో అన్ననో మాట్లాడనివ్వకండి, ఫోన్ కూడా మీరే ఎత్తండి.

మొదటి మెట్టు

వయసు పంచాయతీకి, మున్సిపాలిటీకి 21, అసెంబ్లీకి, లోక్‌సభకి 25, రాజ్యసభకి 30. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదనే రూలు 2024లో తీసేశారు. గవర్నమెంటు ఉద్యోగం ఉంటే రాజీనామా చేయాలి, కార్పొరేషన్‌లో కాంట్రాక్టు పనులు నడుస్తుంటే ముందు వాటి నుంచి బయటికి రావాలి, ఇంటి పన్ను, నీటి పన్ను బాకీలు కట్టేయాలి. పరిశీలన రోజు ఇట్లాంటి చిన్న కాగితాలతోనే నామినేషన్లు పోతాయి.

ఊళ్లో అయితే వార్డు మెంబరు, సర్పంచ్ ఎన్నికలు పార్టీ గుర్తు లేకుండా జరుగుతాయి. ఎంపీటీసీ, జెడ్పీటీసీ, కార్పొరేటర్ ఎన్నికలకి పార్టీ గుర్తు ఉంటుంది. సర్పంచ్‌ని జనమే ఎన్నుకుంటారు, మేయర్‌ని, ఎంపీపీని, జెడ్పీ ఛైర్మన్‌ని గెలిచిన సభ్యులు ఎన్నుకుంటారు. ఈ తేడా చాలా పెద్దది. సర్పంచ్‌కి ఊరంతా కావాలి, మేయర్‌కి ముందు డివిజన్ ఓటర్లు, ఆ తర్వాత పార్టీ పెద్దలు కావాలి. పార్టీలో మీకు అండ లేకపోతే, పల్లెటూరు మీదైతే, సర్పంచ్ నుంచి మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం.

వార్డు రిజర్వేషన్ ఎన్నికకీ ఎన్నికకీ మారుతుంది. ఈసారి జనరల్ అనుకున్న డివిజన్ వచ్చేసారికి బీసీ మహిళ కావచ్చు. కార్పొరేషన్‌లో ఓటరైతే అందులో ఏ డివిజన్ నుంచైనా నిలబడొచ్చు, ప్రతిపాదించే మనిషి మాత్రం ఆ డివిజన్ ఓటరు కావాలి. కాబట్టి తిరుపతి కొర్లగుంటలో ఉండేవాళ్లు కొర్లగుంట ఒక్కటే పట్టుకుని కూర్చోకుండా చుట్టుపక్కల రెండు మూడు డివిజన్లలో తిరగాలి.

ఇంకొకటి, ఎన్నికలు వేళకి వస్తాయని నమ్ముకోకండి. తిరుపతి 2007లో కార్పొరేషన్ అయింది, 50 డివిజన్లకి మొదటి ఎన్నిక జరిగింది 2021 మార్చిలో. అన్నేళ్లు స్పెషల్ ఆఫీసర్ల పాలనే. ఆ పద్నాలుగేళ్లలో పదవి వస్తేనే పని చేస్తానన్నవాళ్లు మాయమైపోయారు, పదవి లేకుండానే వీధి పనులు చేసిపెట్టినవాళ్ల పేర్లు జనం నోట్లో మిగిలాయి.

ఓటరు జాబితా, ఆ నోటు పుస్తకం

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే మిగతా అన్నిటికంటే ఇదే ముఖ్యం. జాబితా చేతిలో పట్టుకుని ఇంటింటికీ వెళ్తే తిరుపతిలో మీకు కనపడేది ఏమిటంటే, పేరున్న మనిషి ఇల్లు మారిపోయి ఉంటాడు, ఇంట్లో ఉన్న మనిషి ఓటు పుత్తూరులోనో నగరిలోనో ఉంటుంది. కొండమీద డ్యూటీ చేసేవాళ్లు, హోటళ్లలో రాత్రి పని చేసేవాళ్లు, రుయా, స్విమ్స్ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు ఉద్యోగులు, యూనివర్సిటీ చుట్టూ అద్దెకున్న పిల్లలు, వీళ్లు పగలు ఇంట్లో దొరకరు. సాయంత్రం ఏడు తర్వాత, ఆదివారం పొద్దున వెళ్లండి. కొత్త ఓటుకి ఫారం 6, తీసేయడానికీ అభ్యంతరానికీ ఫారం 7, ఇల్లు మారినా తప్పులు సరిచేయాలన్నా ఫారం 8. మీ బీఎల్‌ఓ (బూత్ ఓటరు జాబితా చూసే అధికారి) పేరు, నంబరు మీ దగ్గరుండాలి. మనకు పడని ఓట్లు కదా అని గంపగుత్తగా ఫారం 7లు పెట్టే పనికి చచ్చినా పోకండి. 2021 తిరుపతి ఉప ఎన్నికలో దొంగ ఓట్ల వ్యవహారం అధికారుల సస్పెన్షన్ దాకా వెళ్లింది, ఊరికి ఆ మచ్చ ఇంకా ఉంది.

వెళ్లిన ప్రతి ఇంట్లో ఒకటే అడగండి, మీకు ఏ పని ఆగిపోయింది అని. చెప్పింది చెప్పినట్టు తేదీతో సహా రాసుకోండి. మొదట్లో తిడతారు. "ఏం నైనా, ఓట్లొస్తానే కనపడతారు, మళ్లీ ఐదేళ్లకా?" అంటారు. అనిపించుకోండి, రాసుకోండి, వారం తిరక్కముందే ఏమైందో చెప్పడానికి మళ్లీ వెళ్లండి, పని కాకపోయినా సరే.

ఆ పుస్తకంలో ఒక్కో పని పక్కన అది ఎవరి టేబుల్ మీద ఉందో రాయడం నేర్చుకోవాలి. వార్డు నుంచి ఢిల్లీ దాకా రాజకీయం నేర్చుకోవడమంటే ఇదే, టేబుల్ ఎవరిదో తెలుసుకోవడం. తిరుపతిలో ఇది మామూలు కష్టం కాదు, ఎందుకంటే ఒక రోడ్డు కార్పొరేషన్‌ది, ఇంకోటి తుడాది (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ), ఇంకోటి టీటీడీది, ఆపైన రోడ్లు భవనాల శాఖ, జాతీయ రహదారులు. గుంత పడిందని కార్పొరేషన్‌లో ధర్నా చేస్తే అది మాది కాదంటారు, మీ పరువు అక్కడే పోతుంది. చెత్త, కాలువ అయితే శానిటరీ ఇన్‌స్పెక్టర్. పెన్షన్, ధ్రువపత్రాలు వార్డు సచివాలయం. భూమి గొడవ తహసీల్దారు. ఆసుపత్రి ఖర్చుకి ముఖ్యమంత్రి సహాయ నిధి కావాలంటే ఎమ్మెల్యే లేదా ఎంపీ లెటర్. ఎక్కడా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రశీదు తీసుకోండి, రశీదు లేని అర్జీ ఇవ్వనట్టే. దానికీ కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి, గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, పైన 10.

కార్పొరేటర్ అయ్యాక కౌన్సిల్ అజెండా ముందు రోజు రాత్రి మొత్తం చదవండి. చాలామంది చదవరు, చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తుతారు. ఏ పని ఏ పద్దులో పెట్టారు, సాధారణ నిధా, ఆర్థిక సంఘం గ్రాంటా, అని అడిగే సభ్యుడిని కమిషనర్ గుర్తుపెట్టుకుంటాడు, పత్రికలవాళ్లు గుర్తుపెట్టుకుంటారు. రేపు పార్లమెంటులో మీరు వేసే ప్రశ్నలు ఇక్కడి అలవాటు నుంచే రావాలి.

ఎమ్మెల్యే టికెట్

2021లో గెలిచిన పాలకవర్గాలకి ఐదేళ్లు 2026తో నిండుతాయి, అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలు మామూలుగా అయితే 2029లో. ఆ మధ్య కాలంలో పార్టీ మీ గురించి సర్వే చేయిస్తుంది, మీకు చెప్పదు. సర్వేవాళ్లకి వీధిలో జనం మీ పేరు చెప్పాలంటే పైన చెప్పిన పుస్తకం తప్ప వేరే మార్గం నాకు తెలియదు. దానితో పాటు నియోజకవర్గంలో ప్రతి పోలింగ్ బూత్‌కీ మీ మనిషి ఒకరు ఉండాలి, తెల్లారి ఐదున్నరకి మాక్ పోల్‌కి (పోలింగ్‌కి ముందు యంత్రాన్ని పరీక్షించే నమూనా ఓటింగ్) వచ్చి సాయంత్రం సీలు వేసేదాకా కదలనివాళ్లు.

టికెట్ అనేది మీ పని ఒక్కటే చూసి ఇచ్చేది కాదు. కులం, డబ్బు, పొత్తు, జిల్లాలో ఇంకెవరికిచ్చారు, ఇవన్నీ చూస్తారు. ఆరణి శ్రీనివాసులు 2019లో చిత్తూరు ఎమ్మెల్యేగా వైఎస్సార్‌సీపీ నుంచి గెలిచారు, 2024లో అక్కడ టికెట్ లేకపోతే జనసేన నుంచి తిరుపతిలో నిలబడి గెలిచారు. ఆయన మీద పోటీ చేసి ఓడింది తిరుపతి డిప్యూటీ మేయర్‌గా చేసిన భూమన అభినయ్. గాలి ఎటు ఉందనేది కార్పొరేషన్ అనుభవాన్ని కూడా ఒక్కోసారి తోసేస్తుంది. పార్టీ మారాల్సి వస్తే గెలవకముందే మారండి, ఒక గుర్తు మీద గెలిచి ఇంకోవైపు కూర్చుంటే ఓటేసినవాళ్లకి మొహం చూపించలేరు, రాజ్యాంగం పదో షెడ్యూల్ (ఫిరాయింపుల నిరోధక చట్టం) కింద సభ్యత్వమూ పోతుంది.

ఓడిపోవడం గురించి కూడా చెప్పాలి. నారావారిపల్లె నుంచి వచ్చిన చంద్రబాబు నాయుడు 1978లో చంద్రగిరి నుంచి ఎమ్మెల్యే, ముప్పై ఏళ్లు నిండకముందే. 1983లో అదే చంద్రగిరిలో ఓడిపోయారు. 1989 నుంచి కుప్పం. ఓడిన మర్నాడు ఇంట్లో తలుపేసుకోకుండా బూత్‌ల వారీ లెక్క తెప్పించుకుని కూర్చోండి, ఎక్కడ ఎన్ని పోయాయో ఆ కాగితంలో ఉంటుంది. మీ కోసం పనిచేసినవాళ్ల ఇళ్లకి వెళ్లి కృతజ్ఞతలు చెప్పండి. గెలిచినప్పుడు వెళ్లకపోయినా క్షమిస్తారేమో కానీ ఓడినప్పుడు వెళ్లకపోతే క్షమించరు.

డబ్బు సంగతి సూటిగా మాట్లాడుకుందాం. డిపాజిట్ అసెంబ్లీకి 10,000, లోక్‌సభకి 25,000, ఎస్సీ ఎస్టీలకి అందులో సగం. పోలైన చెల్లే ఓట్లలో ఆరో వంతు రాకపోతే పోతుంది. ఖర్చు పరిమితి మన రాష్ట్రంలో అసెంబ్లీకి 40 లక్షలు, లోక్‌సభకి 95 లక్షలు. విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి, లెక్కల పుస్తకం రాయాలి, ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క ఇవ్వాలి, ఇవ్వకపోతే ఎన్నికల సంఘం మూడేళ్లు అనర్హత వేయగలదు. అఫిడవిట్‌లో కేసులు, ఆస్తులు, అప్పులు ఏదీ దాచకండి. బయట జరిగే ఖర్చు ఈ పరిమితిలో ఉండదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. పొలం తాకట్టు పెట్టి, ఇంట్లోవాళ్ల బంగారం అమ్మి మాత్రం దిగకండి. అట్లా దిగి గెలిచినవాళ్లు ఆ అప్పు తీర్చుకోవడానికే ఐదేళ్లూ పనిచేస్తారు, ఓడినవాళ్ల కుటుంబాలు లేవలేవు. మీ చేతిలో డబ్బు లేకపోతే స్థానిక పదవుల్లోనే ఇంకో టర్మ్ ఉండండి, అందులో తప్పేం లేదు.

ఢిల్లీ

ఎంపీకి టేబుళ్లు మారతాయి. చిత్తూరు మామిడి రైతు సమస్యే తీసుకోండి. 2025లో తోతాపురి ధర పడిపోతే గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు, రాష్ట్ర ప్రభుత్వం 4 రూపాయలు రైతుకి ఇవ్వాలని నిర్ణయించారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర ట్రాక్టర్ల వరస సర్పంచ్ చూసే సమస్య, ఆ 4 రూపాయలు అసెంబ్లీ చూసే సమస్య, కేంద్రం తన వాటా ఇవ్వడం, మార్కెట్ జోక్యం పథకం (ధర పడిపోయినప్పుడు రైతుని ఆదుకునేది), గుజ్జు ఎగుమతి, ఇవి ఢిల్లీలో కృషి భవన్ (వ్యవసాయ శాఖ), వాణిజ్య శాఖ చూసేవి. పంట ఒకటే, రైతు ఒకడే. పూతలపట్టులోనో పలమనేరులోనో సర్పంచ్‌గా ఆ గేటు దగ్గర నిలబడినవాళ్లు ఎంపీ అయితే ఆ ఫైలు మీద మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

ఎంపీగా మీ చేతిలో ఉండేవి ప్రశ్నోత్తరాల సమయం, అత్యవసర విషయాలు లేవనెత్తే జీరో అవర్, 377 నిబంధన కింద నియోజకవర్గ సమస్యల ప్రస్తావన, శుక్రవారం మంత్రులు కాని సభ్యులు పెట్టే ప్రైవేటు బిల్లులు. ప్రశ్నకి పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నక్షత్రం గుర్తున్నవి (మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సినవి) రోజుకి 20 మాత్రమే, లాటరీలో వస్తాయి, కాబట్టి నోటీసులు ఇస్తూనే ఉండాలి. సభలో తెలుగులో మాట్లాడొచ్చు, అనువాదం ఉంటుంది, హిందీ రాదని భయపడకండి. శివప్రసాద్ ప్రత్యేక హోదా కోసం రోజుకో వేషంతో పార్లమెంటుకి వెళ్తే దేశమంతా చూసింది, ఆ ధైర్యం నాకు ఇష్టం. దాంతో పాటు మంత్రిత్వ శాఖల్లో జాయింట్ సెక్రటరీ గదుల చుట్టూ తిరిగే ఓపిక కూడా కావాలి. ఏటా 5 కోట్ల ఎంపీ నిధులు ఏడు సెగ్మెంట్లకి పంచితే బస్ షెల్టర్లు, కమ్యూనిటీ హాళ్లు వస్తాయి, అంతే. అసలు పెద్ద పనులు కేబినెట్ నిర్ణయాల్లో ఉంటాయి. తిరుపతి, పాకాల, కాట్పాడి రైలు మార్గం డబ్లింగ్‌కి 2025 ఏప్రిల్‌లో కేంద్రం ఒప్పుకుంది, 104 కిలోమీటర్లు, 1,332 కోట్లు. ఇక మన్నవరం చూడండి. 2010లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి విద్యుత్ పరికరాల ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు, శ్రీకాళహస్తి చుట్టుపక్కల పిల్లలు ఉద్యోగాలొస్తాయని ఎంత ఆశపడ్డారో, అనుకున్న ఫ్యాక్టరీ రాలేదు. శంకుస్థాపన తర్వాత ప్రతి ఆరు నెలలకీ ఫైలు ఎక్కడుందో అడగడం ఎంపీ పనిలో సగం.

కేంద్ర మంత్రి పదవికి దరఖాస్తు ఉండదు. 2003లో వచ్చిన 91వ సవరణ ప్రకారం మంత్రుల సంఖ్య లోక్‌సభ సభ్యుల్లో 15 శాతం దాటకూడదు, 543లో అంటే ప్రధానితో కలిపి 81. అందులో రాష్ట్రాల లెక్క, కులాల లెక్క, పొత్తు పార్టీల లెక్క ఉంటాయి. మీ చేతిలో ఉన్నది రెండే, పార్లమెంటు స్టాండింగ్ కమిటీలో (శాఖల పనిని పరిశీలించే ఎంపీల కమిటీ) ఒక విషయం మీద గట్టిగా పనిచేసి ఆ శాఖ పేరు రాగానే మీ పేరు గుర్తొచ్చేలా చేయడం, ఢిల్లీలో ఉన్నంతకాలం మాట మీద నిలబడే మనిషి అనిపించుకోవడం. ఎంపీ కాకుండానే మంత్రి అయినవాళ్లు ఆరు నెలల్లో ఏదో ఒక సభకి ఎన్నికవాలి.

మంత్రి అయ్యాక సభలో మీరు ప్రశ్న వేయలేరు, జవాబు చెప్పే వరసలో ఉంటారు. అంటే మీ నియోజకవర్గం గొంతు సభలో తగ్గిపోతుంది, ఆ లోటు తిరుపతి ఆఫీసు తీర్చాలి. అక్కడ కూర్చునే మనిషికి అర్జీ తీసుకుని రశీదివ్వడం, ఏ పని ఎవరి టేబుల్ మీద ఉందో చెప్పడం, వారంలో తిరిగి ఫోన్ చేయడం వచ్చి ఉండాలి. బంధువుల పిల్లవాడిని కూర్చోబెట్టకండి. వార్డులో మీతో ఇంటింటికీ తిరిగినవాళ్లలో ఓపికున్న ఒకరిని ఎంచుకుని, జీతం ఇచ్చి పెట్టుకోండి.